ఉపగ్రహం లెక్కలో మన అడవి

తొలకరి పడే ముందు ఒకరోజు పక్క గుంపు నుంచి ఒక పెద్దాయన మా బడికి వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. "దీంట్లో ఏం రాశారో చదివి చెప్పండి సారూ" అన్నాడు. బడిలో ఉన్న టీచర్లం ఇద్దరం ఆ కాగితం చదివాం. ఆయన పోడు పట్టా దరఖాస్తును తిరస్కరించారు. కారణం ఒక్క వాక్యంలో ఉంది. ఉపగ్రహ చిత్రం ప్రకారం 2005 నాటికి ఆ స్థలంలో సాగు కనబడలేదట.

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "పైనుంచి చూసినోళ్లకు నా చేను కనబడలేదా, నా ఇప్పచెట్లు కనబడ్డాయా?"

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది అమాయకపు ప్రశ్న అనుకున్నాం. తర్వాత చదువుతూ పోతే తెలిసింది, అసలు ప్రశ్న అదేనని. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేం ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మన మీద కథలు వస్తే విమర్శ రాస్తున్నాం. మన భాష తప్పుగా రాశారని, మన ఆడవాళ్లను తక్కువ చేశారని నిలదీస్తున్నాం. అది అవసరమే. కానీ మన బతుకు మీద కథల కంటే ఎక్కువ ప్రభావం చూపే పుస్తకం ఒకటి ఉంది. సుమారు రెండేళ్లకోసారి డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఆ పుస్తకం వేస్తుంది. దాని పేరు భారత అటవీ స్థితి నివేదిక. పత్రికల్లో 'అడవి పెరిగింది', 'అడవి తగ్గింది' అని వచ్చే వార్తలు చాలావరకు అందులోంచి వచ్చేవే. దాన్ని మనవాళ్లు చదవరు, అది మన కోసం రాసింది కాదనుకుంటారు. కథను ఎట్లా ప్రశ్నిస్తామో దాన్నీ అట్లాగే ప్రశ్నించాలి. ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు, ఏ మాటకు ఏ అర్థం పెట్టుకున్నారు, ఎవరిని వదిలేశారు అని అడగాలి.

మంచి కూడా చెప్పాలి

ముందు ఆ పుస్తకానికి దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. ఉపగ్రహాలు రాకముందు అడవి లెక్క అంటే అటవీ శాఖ రికార్డే. కాగితం మీద గీత గీసి అడవి అని రాస్తే, లోపల చెట్టు ఉన్నా లేకపోయినా అది అడవే. హైదరాబాద్‌లోని జాతీయ దూరగ్రాహక సంస్థ 1972-75 నాటి ఉపగ్రహ చిత్రాలనూ 1980-82 నాటి చిత్రాలనూ పోల్చి చూసింది. దేశ విస్తీర్ణంలో అడవి కప్పు 16.89 శాతం నుంచి 14.10 శాతానికి పడిపోయిందని తేల్చింది. కాగితాల్లో పచ్చగా ఉన్న అడవి నేల మీద లేదని ఆ బొమ్మలే బయటపెట్టాయి. మన పక్కనే ఉన్న నగరంలో జరిగిన ఆ పని చిన్నదేమీ కాదు.

1981లో అటవీ సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. 1987లో మొదటి నివేదిక వచ్చింది. అప్పటి అమెరికా ఉపగ్రహం బొమ్మలో ఒక్కో గడి దాదాపు 80 మీటర్ల వెడల్పు. ఇప్పుడు వాడుతున్న మన దేశపు రిసోర్స్‌శాట్ బొమ్మలో గడి వెడల్పు 23.5 మీటర్లు. అంటే చూపు చాలా పదునెక్కింది. గని పడినా, డ్యామ్ నీళ్లు నిలిచినా, గుట్ట బోడిగా మారినా పైనుంచి తెలిసిపోతుంది. ఎవరూ దాచలేరు. కాబట్టి ఉపగ్రహం మనకు శత్రువని మేం చెప్పడం లేదు.

పిల్లలతో చేసిన లెక్క

ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకసారి ఉపగ్రహ చిత్రం చూపించాం. అడవి అంతా ఎర్రగా ఉంది. "కాలిపోయిందా సార్?" అని అడిగారు. కాలిపోలేదు. పచ్చటి ఆకు ఎర్ర వెలుగును పీల్చుకుంటుంది, మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఆ కాంతి ఎంత వచ్చిందో చూపించడానికి బొమ్మలో ఎర్ర రంగు వేస్తారు. ఎంత ఎరుపు ఉంటే అంత ఆకు ఉన్నట్టు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఉపగ్రహం చూసేది ఆకును. ఆ ఆకు ఎవరిది, ఎందుకు పెరిగింది, దాని కింద ఎవరు బతుకుతున్నారు అనేది దానికి తెలియదు.

తర్వాత లెక్క చేయించాం. 23.5 మీటర్ల గడి అంటే సుమారు 552 చదరపు మీటర్లు, మన లెక్కలో 13న్నర సెంట్లు. ఆ గడిలో సగం చేను, సగం చెట్లు ఉంటే బొమ్మలో రెండూ ఉండవు. రెండూ కలిసిన ఒకే రంగు ఉంటుంది. రెండెకరాల పోడు చేను నలుచదరంగా ఉందనుకుంటే దాని ఒక్కో వైపు 90 మీటర్లు. అంటే వైపుకు నాలుగు గడులు, మొత్తం 16. వాటిలో 12 అంచు గడులే. అంచు గడిలోకి పక్క అడవి కూడా వచ్చేస్తుంది. పూర్తిగా చేను అని చెప్పగలిగిన గడులు నాలుగే మిగులుతాయి. మన పోళ్లు నలుచదరంగా కూడా ఉండవు. వాగు వంపు తిరిగినట్టు, గుట్ట వాలినట్టు ఉంటాయి. అప్పుడు ఆ నాలుగు కూడా అనుమానమే.

ఈ లెక్క చేశాక ఒక పిల్ల అడిగింది: "మరి రెండెకరాల చేను లేదని ఎట్లా రాశారు సార్?" ఆ ప్రశ్న నల్లబల్ల మీద రాసి వదిలేశాం.

అడవి అంటే ఏమిటి?

నివేదికలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట 'అడవి కప్పు'. దానికి వాళ్లు పెట్టుకున్న అర్థం ఇది: కనీసం ఒక హెక్టారు స్థలం ఉండాలి, పైనుంచి చూస్తే అందులో 10 శాతం కన్నా ఎక్కువ చెట్ల కొమ్మల కింద కప్పబడి ఉండాలి. నేల ఎవరిదైనా, చెట్టు ఏ జాతిదైనా, చట్టం ప్రకారం అది అడవి అయినా కాకపోయినా లెక్కలోకి వస్తుంది. తోటలు, వెదురు, తాటి జాతి చెట్లు అన్నీ వస్తాయి. ఈ సంగతి నివేదికే స్పష్టంగా చెబుతుంది, దాచలేదు. కానీ పత్రికలో వార్తగా వచ్చేసరికి ఆ వివరం రాలిపోయి 'అడవి పెరిగింది' అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

ఈ అర్థం ప్రకారం జామాయిల్ తోట అడవే. రోడ్డు పక్కన వరుసలు కట్టిన మామిడి తోట కూడా అడవే. జామాయిల్ తోటలో ఒక రోజు తిరిగి చూడండి. ఇప్పపువ్వు లేదు, తునికాకు లేదు, సారపప్పు లేదు, అడ్డాకు లేదు, పుట్టగొడుగు లేదు. తేనెపట్టు కోసం ఎవరూ అటు పోరు. మన కోయ పండుగల్లో ఏ కొత్త కాయనూ ఏ కొత్త ఆకునూ ఆ తోటలోంచి తెచ్చి పెట్టలేం. అయినా బొమ్మలో అది ఎర్రగా ఉంటుంది, కాబట్టి అడవి.

ఇంకో సంగతి. కొమ్మల కప్పు 70 శాతం, ఆపైన ఉంటే చాలా దట్టమైన అడవి. 40 నుంచి 70 వరకు ఉంటే మధ్యరకం దట్టం. 10 నుంచి 40 వరకు పలుచని అడవి. 65 శాతం కప్పు ఉన్న అడవి పలచబడి 45కు దిగినా పేరు మారదు. మంచి చెట్లన్నీ పోయి పనికిరాని పొదలాంటి చెట్లు మిగిలినా పేరు మారదు. సహజమైన అడవి కొట్టి జామాయిల్ నాటితే, నాలుగేళ్లు గడిచేసరికి కప్పు మళ్లీ వచ్చేస్తుంది. అడవి పోయింది, లెక్క పోలేదు.

2022 జనవరిలో విడుదలైన 2021 నివేదిక ప్రకారం అంతకుముందు రెండేళ్లలో దేశంలో అడవి కప్పు ఎక్కువగా పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పెరుగుదల 647 చదరపు కిలోమీటర్లు. 632తో రెండో స్థానం తెలంగాణది. ఆ వార్త చదివి స్టాఫ్ రూములో మేమూ సంతోషపడ్డాం. అదే నివేదికలో గిరిజన జిల్లాల మీద ఒక పేజీ ఉంది. దేశంలోని గిరిజన జిల్లాల్లో అటవీ హద్దుల లోపల కప్పు 655 చదరపు కిలోమీటర్లు తగ్గింది, హద్దుల బయట 600 పెరిగింది. రెండూ కలిపి చూస్తే పెద్ద తేడా లేదన్నట్టు ఉంటుంది. కానీ హద్దు లోపల పోయిందీ హద్దు బయట పెరిగిందీ ఒకటేనా? మా చుట్టుపక్కల హద్దు బయట మా కళ్లముందు పెరిగినవి జామాయిల్, జీడిమామిడి, పామాయిల్ తోటలు. అవి రైతుకు డబ్బు తెస్తాయి, కాదనం. ఇప్పచెట్టు పోయిన చోటును మాత్రం అవి పూడ్చవు.

చెట్టు ఉంచితే చేను పోయింది

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న దగ్గరికి వస్తాం.

మన పోడులో అన్ని చెట్లూ కొట్టరు. ఇప్ప, చింత, తునికి, మద్ది, మారేడు చేనులోనే నిలబడి ఉంటాయి. ఇప్పచెట్టు మీద గొడ్డలి వేయడం తప్పని మన పెద్దలు నేర్పారు. దాని కిందే జొన్న, కొర్ర, సామ, కంది, బొబ్బర్లు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్లు పండించాక ఆ ముక్కను బీడు పెట్టి పక్క ముక్క చేస్తారు. బీడు పెట్టిన ముక్కలో మొక్కలు మళ్లీ లేస్తాయి.

ఉపగ్రహం కన్నుతో దీన్ని చూడండి. చేనులో నిలిచిన చెట్ల కొమ్మలు 10 శాతం దాటితే అది పలుచని అడవిలా కనబడుతుంది. బీడు ముక్క అడవిలా కనబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసిన బొమ్మల్లో కంది చేను ఇంకా పచ్చగా ఉంటుంది కాబట్టి అది కూడా ఎర్రగానే వస్తుంది. అన్నీ కలిపి చూసినవాడు 'సాగు కనబడలేదు' అని రాస్తాడు. చెట్లన్నీ నరికి, మోళ్లు పీకి, ట్రాక్టరుతో చదును చేసినవాడి భూమి బొమ్మలో స్పష్టంగా కనబడుతుంది. చెట్టును కాపాడినవాడి సాగుకు రుజువు లేకుండా పోతుంది.

పెద్దాయన అడిగింది ఇదే. ఆయన ఇప్పచెట్లు కనబడ్డాయి. అందుకే చేను కనబడలేదు.

2024 డిసెంబరులో వచ్చిన 2023 నివేదికలో దీనికి రెండో వైపు ఉంది. కొన్ని చోట్ల అడవి తగ్గడానికి కారణాల జాబితాలో అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టాలను కూడా చేర్చారు. మేం ఇక్కడ ఆగి ఆలోచించాం. ఆ చట్టం కొత్తగా భూమి పంచే చట్టం కాదు. ఆదివాసులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి చేసుకుంటున్న సాగును గుర్తించే చట్టం. అప్పటికే చేనుగా ఉన్న నేలకు కాగితం ఇస్తే ఇప్పుడు అడవి ఎట్లా తగ్గుతుంది? కాగితం చెట్టును నరకదు కదా. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖే ఈ మాటకు శాస్త్రీయ ఆధారాలు వివరించమని పర్యావరణ శాఖను అడిగింది.

ఒక బొమ్మ మనకు పట్టా అడిగినప్పుడు 'ఇది అడవి, చేను కాదు' అంటుంది. పట్టా వచ్చాక 'ఇది చేను, అడవి తగ్గింది' అంటుంది. రెండుసార్లూ నష్టం మనకే. తప్పు బొమ్మది కాదు. ఒక్క బొమ్మను పట్టుకుని తీర్పు చెప్పే పద్ధతిది.

చట్టం ఏమంటోంది

ఈ సంగతి ప్రతి ఊళ్లో తెలియాలి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో ఉపగ్రహ చిత్రం ఒక సాక్ష్యంగా ఉంది. దాంతోపాటు చాలా సాక్ష్యాలు ఉన్నాయి. పాత రికార్డులు, ఇల్లు, గట్లు, చదును చేసిన గుర్తులు, బావి, శ్మశానం, దేవుడి చోటు, వంశావళి, దరఖాస్తుదారు కాకుండా వేరే పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, అన్నీ సాక్ష్యాలే. 2012లో నియమాలను సవరించినప్పుడు ఇంకా స్పష్టంగా రాశారు: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు, వాటి స్థానంలో రాకూడదు. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఉపగ్రహ చిత్రాల మీదే ఆధారపడి దరఖాస్తులను కొట్టేయడాన్ని ఒప్పుకోలేదు.

అయినా జరుగుతున్నది వేరు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించబడినవాళ్లను ఖాళీ చేయించాలని చెప్పినప్పుడు, ఆక్రమణలు ఎక్కడున్నాయో ఉపగ్రహ సర్వే చేసి చూపించమని కూడా అటవీ సర్వేక్షణ సంస్థకు చెప్పింది. దేశమంతా ఆదివాసులు ఆందోళన చేశాక ఫిబ్రవరి 28న ఆ ఖాళీ చేయించే ఆదేశాన్ని కోర్టే నిలిపివేసింది. ఆ రెండు వారాలు మన గూడేల్లో ఎంతమందికి నిద్ర పట్టలేదో మనకు తెలుసు. ఆకాశంలోంచి తీసిన ఒక బొమ్మ ఎవరి ఇంటి తలుపు దాకా రాగలదో అప్పుడు అర్థమయింది.

మనం మనల్ని కూడా అడగాలి

ఎదుటివాళ్లను విమర్శించి ఆగిపోతే అది సగం విమర్శ. మన ఊళ్లలో 2005 తర్వాత కొత్తగా కొట్టిన పోళ్లు లేవా? ఉన్నాయి. బయటివాళ్ల పెట్టుబడితో పత్తి, మిర్చి కోసం మనవాళ్ల పేరు మీద కొట్టిన ముక్కలు కూడా ఉన్నాయి. వాటిని ఉపగ్రహం పట్టుకుంటే అబద్ధమని అరవలేం. అరిస్తే పెద్దాయన లాంటివాళ్ల నిజం కూడా పలచబడుతుంది. ఇప్పచెట్టు కొట్టి జామాయిల్ వేసిన చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి.

టీచర్లుగా మా తప్పు ఇంకొకటి. ట్రైనింగ్‌లో మాకు నేర్పినట్టే మేం చాలా ఏళ్లు 'పోడు వల్ల అడవులు నాశనమవుతాయి' అని పిల్లలతో నోట్సు రాయించాం. పోడు చేసే తల్లిదండ్రుల పిల్లలతోనే రాయించాం. గని గురించి, ముంపు గురించి ఆ నోట్సులో ఒక్క వాక్యం లేదు. ఎందుకు లేదని మేమూ అడగలేదు.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? బొమ్మను తిట్టడం కాదు, చదవడం నేర్చుకోవడం. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది. 1972 నుంచి తీసిన ల్యాండ్‌శాట్ బొమ్మలు ఉచితంగా దొరుకుతున్నాయి. 2015లో పైకి వెళ్లిన యూరప్ ఉపగ్రహం సెంటినల్ బొమ్మలో గడి 10 మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట. ఇవన్నీ ఇంటర్ చదివే పిల్ల కూడా ఫోన్‌లోనో బడి కంప్యూటర్‌లోనో చూడగలదు. ఒకే నెల బొమ్మతో సరిపెట్టుకోవద్దు. ఇప్పచెట్టు ఆకు రాల్చే మార్చి బొమ్మ, పంట కోసిన జనవరి బొమ్మ, వానాకాలం తర్వాతి బొమ్మ, మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ నెలలో ఏ చెట్టు ఆకు రాలుస్తుందో, ఏ పంట ఎప్పుడు కోస్తామో మన అవ్వలకు తెలిసినంతగా నివేదిక రాసేవాళ్లకు తెలియదు. ఆ తెలివి, ఈ బొమ్మ కలిస్తేనే సరైన చదువు.

యువకులకు ఒక పని. మీ ఊరి అడవికి మీ పేర్లతో పటం గీయండి. ఏ వాగు, ఏ గుట్ట, ఏ ఇప్పచెట్టు ఏ ఇంటివాళ్లు ఏరుకునేది, దేవుడి చెట్లు ఏవి, బీడు పెట్టిన పోళ్లు ఏవి, అన్నీ పెద్దలను అడిగి రాయండి. గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం అడిగేటప్పుడు ఆ పటం పనికొస్తుంది. టీచర్లకు ఒక పని. పిల్లలతో పైన చెప్పిన గడుల లెక్క చేయించండి. శాతాలు, విస్తీర్ణం నేర్పడానికి అంతకన్నా మంచి లెక్క మా పాఠ్యపుస్తకంలో లేదు.

పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాం. తిరస్కరణ మీద 60 రోజుల్లోపు పై కమిటీకి వెళ్లవచ్చని చెప్పాం. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ఒక రేకు పెట్టె తెచ్చాడు. అడుగున ఒక పాత రసీదు ఉంది. అడవిలో చేను చేశాడని చాలా ఏళ్ల కింద ఆయన తండ్రికి వేసిన జరిమానా రసీదు. అప్పుడు శిక్షగా ఇచ్చిన కాగితమే ఇప్పుడు సాక్ష్యం. గ్రామసభలో ఇద్దరు పెద్దలు వాంగ్మూలం ఇచ్చారు. ఆ చేనులో పదకొండు ఇప్పచెట్లు ఉన్నాయని, ఒక్కో చెట్టు ఎప్పటి నుంచి ఉందో కూడా చెప్పారు. రెండు రాళ్ల కుప్పలు, ఒక పాత గట్టు ఫొటో తీశాం. పిల్లలు మూడు నెలల బొమ్మలు పక్కపక్కన పెట్టి, చేను అంచు గీసి, కింద తెలుగులో వివరం రాశారు. అన్నీ కలిపి అప్పీలు పెట్టాం.

జవాబు ఇంకా రాలేదు. పెద్దాయన ఈ ఏడు కూడా కంది చల్లాడు. ఇప్పచెట్లు కొట్టేస్తే చేను స్పష్టంగా కనబడుతుంది కదా అని ఎవరో సలహా ఇచ్చారట. ఆయన వినలేదు.